ఇల్లు కొలవడానికి వచ్చినవాళ్ళు
(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మనం మాట్లాడుకోబోయేది ఇంగ్లండు, స్కాట్లండు దేశాల్లో విక్టోరియా రాణి ఏలుబడిలో, అంటే 1837 నుంచి 1901 దాకా, కూలీల ఇళ్ళకు జరిగిన సంగతి. "మన గూడెంలో ఇళ్ళు కురుస్తుంటే లండన్ ఇళ్ళ ముచ్చట ఎందుకు సార్?" అని ఇందాక టీ దగ్గర ఒక తమ్ముడు అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. సర్కారు మనిషి ఒకడు వచ్చి తలుపు కొట్టడం, ఈ ఇల్లు మనుషులు ఉండటానికి పనికొస్తుందా రాదా అని చూసి కాగితం మీద రాయడం, పనికిరాదంటే ఖాళీ చేయించి కూలగొట్టడం, ఈ పద్ధతి చట్టంగా రూపం తీసుకున్నది అక్కడ. అక్కణ్ణుంచే ఓడెక్కి బొంబాయికి వచ్చింది. ఆ తనిఖీ ఎవరి భయంతో మొదలైంది, ఎవరి గడప తొక్కింది, చివరికి కొత్త ఇల్లు ఎవరికి దక్కింది అన్నది తెలిస్తే, రేపు మన వాడకు ఫారాలు పట్టుకొచ్చేవాళ్ళని ఏమడగాలో మనకే తెలుస్తుంది.

ముందు ఆ ఇళ్ళెలాంటివో చూద్దాం. మిల్లులొచ్చాయి. పల్లెల్లో భూమి పోయినవాళ్ళు, ఐర్లండులో కరువుకు తాళలేక పడవెక్కినవాళ్ళు మాంచెస్టరు, లివర్‌పూలు, గ్లాస్గో, లండన్ చేరారు. వాళ్ళకి ఇళ్ళు కట్టినవాళ్ళు వాళ్ళ మీద జాలితో కట్టలేదు. గజం నేలలో ఎంత అద్దె పిండొచ్చో లెక్క వేసి కట్టారు. ఇంటి వెనక గోడకు ఇంకో ఇంటి వెనక గోడ ఆనించేసేవాళ్ళు. వెనక కిటికీ ఉండదు, గాలి ఇటు వచ్చి అటు పోయే దారి ఉండదు. ఇరవై ముప్ఫై ఇళ్ళకు కలిపి ఒక పంపు, ఒకటో రెండో దొడ్లు. అంతకన్నా బీదవాళ్ళు నేలమాళిగల్లో ఉండేవాళ్ళు. వీధి మట్టానికి కింద, బొగ్గు పోసుకోడానికి తవ్విన గదుల్లో కాపురాలు. వానొస్తే వీధిలో మురుగంతా మెట్లు దిగి లోపలికి వచ్చేది.

వెలుతురు మీద కూడా పన్నుండేది అక్కడ. మేం పుస్తకంలో చదివినప్పుడు ముందు నమ్మలేదు. 1696 నుంచి 1851 దాకా కిటికీ పన్ను వసూలు చేశారు. కిటికీలు ఎక్కువుంటే పన్ను ఎక్కువ. పదిమంది కూలీలకు గదులు గదులుగా అద్దెకిచ్చిన పెద్ద భవనాన్ని కూడా ఒకే ఇల్లుగా లెక్కగట్టేవాళ్ళు కాబట్టి యజమాని ఏం చేసేవాడు? కిటికీలకు ఇటుకలు పెట్టి మూసేసేవాడు. పన్ను మిగిలింది యజమానికి, చీకటి మిగిలింది కూలీకి.

1842లో ఎడ్విన్ చాడ్విక్ అనే అధికారి కూలీ జనం పారిశుద్ధ్యం గురించి ఒక పెద్ద రిపోర్టు రాశాడు. అందులో ఒక లెక్క ఉంది, రాసుకోండి. మాంచెస్టరులో చనిపోయినవాళ్ళ సగటు వయసు పెద్దమనుషుల కుటుంబాల్లో 38 ఏళ్ళు, వ్యాపారస్తుల్లో 20, కూలీల్లో 17. లివర్‌పూలు కూలీల్లో అయితే 15. పదిహేడేళ్ళకే అందరూ చచ్చిపోయారని దీని అర్థం కాదు. పసిపిల్లలు అంతమంది చచ్చారు గనక సగటు అంత కిందికి దిగింది. ఇంకో లెక్క చూడండి. రట్లండు అనే పల్లెటూళ్ళ జిల్లాలో పొలం కూలీల సగటు 38. మాంచెస్టరు పెద్దమనిషికీ, రట్లండు కూలీకీ ఒకటే ఆయుష్షు! బీదవాడు తాగుడు వల్ల చస్తున్నాడు, సోమరితనం వల్ల చస్తున్నాడు అని చెప్పే నోళ్ళకి ఈ ఒక్క లెక్క చాలు. రట్లండు కూలీ కూడా కూలీయే గదా. ఉన్న చోటు చంపుతోంది, గుణం కాదు.

ఈ చాడ్విక్ బీదల పక్షం మనిషనుకునేరు. 1834లో బీదలకిచ్చే సాయం కోసేసి, తిండి కావాలంటే వర్క్‌హౌసులో చేరాలన్న చట్టం వెనక ఉన్న బుర్ర ఇతనిదే. జ్వరం వచ్చి ఇంటి మగాడు పోతే పెళ్ళాం పిల్లల్ని పోషించే ఖర్చు పన్నుదారుల మీద పడుతోంది, అంతకన్నా కాలువ తవ్వడం చవక, ఇదీ అతని వాదన. అయినా లెక్క లెక్కే. శత్రువు చేతిలో తయారైన లెక్కని కూడా మనం వాడుకోవచ్చు.

లెక్క వచ్చినా పనులు కదల్లేదు. కదిలించింది కలరా. 1848-49లో ఒక్క ఇంగ్లండు, వేల్సుల్లోనే యాభై వేలకు పైగా మనుషుల్ని మింగింది. కలరా బీదల పేటలో పుట్టినా బీదల పేటలో ఆగదు. నీళ్ళతో పాటు దొరల గడప కూడా తొక్కుతుంది. 1848లో ప్రజారోగ్య చట్టం వచ్చింది. దాని ప్రకారం లండన్‌లోని కేంద్ర బోర్డు ఒక ఊరి మీద బలవంతంగా ఆరోగ్య బోర్డు పెట్టించాలంటే, ఆ ఊళ్ళో ఏడాదికి వెయ్యికి 23 మంది కంటే ఎక్కువ చస్తుండాలి. లేదంటే ఊళ్ళో పన్నులు కట్టేవాళ్ళలో పదోవంతు మంది అర్జీ పెట్టుకోవాలి. వెయ్యికి ఇరవై ఇద్దరు చచ్చే ఊరికి చట్టం తనంతట తాను రాదన్నమాట.

తనిఖీ చేసే ఉద్యోగికి వాళ్ళు పెట్టిన పేరు "న్యూసెన్సుల ఇనస్పెక్టరు". ఆ పేరులోనే చాలా ఉంది. లివర్‌పూలు ముందే, 1847లో, దేశంలోనే మొదటి మెడికల్ ఆఫీసరుగా డాక్టర్ డంకన్‌ని పెట్టుకుంది. మంచి డాక్టరే. కూలీల పేటల్లో వైద్యం చేసి, ఆ నేలమాళిగల్ని కళ్ళారా చూసి, వాటి గురించి రాసినవాడు. అదే ఏడాది ఐరిష్ కరువు జనం సుమారు మూడు లక్షల మంది ఆ రేవులో దిగారు. టైఫస్ జ్వరం పట్టుకుంది. పట్టణం వాళ్ళు నేలమాళిగలు ఖాళీ చేయించడం మొదలుపెట్టారు. గొయ్యిలాంటి గదిలో మనుషులుండకూడదు, నిజమే. కానీ బయటికి లాగిన కుటుంబం ఎక్కడికి పోవాలి? దానికి చట్టంలో ఒక్క ముక్క లేదు. వాళ్ళు పక్కింట్లో, అప్పటికే నిండిపోయిన గదుల్లో దూరారు.

ఇప్పుడు గ్లాస్గో సంగతి. దీని మీద కాసేపు నిలబడదాం.

గ్లాస్గోలో ఎక్కువమంది నాలుగైదు అంతస్తుల రాతి భవనాల్లో, ఒక గదో రెండు గదులో అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళు. 1881 నాటికి కూడా ఊరి జనంలో నాలుగో వంతు ఒంటిగది కాపురాలే. 1862లో వచ్చిన పోలీసు చట్టంతో మునిసిపాలిటీవాళ్ళు చిన్న ఇళ్ళన్నిటినీ టేపు పెట్టి కొలిచారు. పొడవు, వెడల్పు, ఎత్తు. లోపల ఎన్ని ఘనపుటడుగుల గాలి పడుతుందో లెక్క కట్టి, మనిషికి 300 ఘనపుటడుగుల చొప్పున ఎంతమంది ఉండొచ్చో తేల్చారు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు సగం మనిషి కింద లెక్క. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తు గది అయితే 900 ఘనపుటడుగులు, అంటే ముగ్గురు పెద్దవాళ్ళు. ఆ అంకెలు రేకు బిళ్ళ మీద కొట్టి తలుపు దగ్గర మేకులతో బిగించారు. వాటికి "టికెట్టు ఇళ్ళు" అని పేరొచ్చింది. 1880ల్లో అలాంటివి 23 వేలకు పైగా ఉండేవి.

బిళ్ళ కొట్టాక ఊరుకోలేదు. ఇనస్పెక్టర్లు రాత్రిపూట వచ్చేవాళ్ళు. పదకొండు తర్వాత, తెల్లారుజామున అయిదు లోపల, ముందు కబురు లేకుండా. లాంతరు పట్టుకుని గదిలోకొచ్చి పడుకున్న తలలు లెక్కపెట్టేవాళ్ళు. చుట్టాన్నో, ఇంకో కూలీనో గదిలో పెట్టుకుంటే తప్ప అద్దె కట్టలేని కుటుంబాలవి. తలుపు చప్పుడు కాగానే ఎక్కువున్న మనిషి మంచం కింద దూరేవాడు, గోడ బీరువాలో నక్కేవాడు, ఇంటికప్పు మీదికెక్కేవాడు. దొరికితే కోర్టు, జరిమానా. గాలి బాగా ఆడాలనే గదా ఇదంతా! కానీ ఒక్కటి ఆలోచించండి. ఆ గదిని అంత చిన్నదిగా కట్టినవాడి ఇంటికి అర్ధరాత్రి లాంతరు పట్టుకుని ఎవరైనా వెళ్ళారా? తెల్లారితే పనికి పోవాల్సిన ఆడమనిషి నిద్ర మాత్రం చెడింది.

అక్కడి మెడికల్ ఆఫీసరు జేమ్స్ రసెల్ గురించి ఒక మాట న్యాయంగా చెప్పాలి. 1888లో ఆయన "ఒంటిగది బతుకు" అని ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ఒకే గదిలో పుట్టడం, వండటం, జబ్బు పడటం, చావడం ఎలా ఉంటుందో బాగా బతికేవాళ్ళకి చెప్పాడు. పసిబిడ్డ చనిపోతే శవాన్ని పెట్టడానికి వేరే చోటు లేక, మిగతా పిల్లలు తిని ఆడుకునే ఆ గదిలోనే ఉంచుకోవాల్సి వస్తుందని చెప్పాడు. చెప్పడానికి గుండె కావాలి. అయితే ఆయన జీతమిచ్చే మునిసిపాలిటీయే ఆ టికెట్లు కొట్టింది.

ఇక లండన్‌కి పోదాం. లండన్‌లో పేటకొక పాలకమండలి ఉండేది, వెస్ట్రీ అంటారు. మన వార్డు కౌన్సిలు లాంటిదనుకోండి. చెడ్డ ఇళ్ళ మీద చర్య తీసుకునే అధికారం ఆ వెస్ట్రీదే. 1868లో టారెన్స్ అనే పార్లమెంటు సభ్యుడు తెచ్చిన చట్టం ప్రకారం మెడికల్ ఆఫీసరు ఇల్లు చూసి పనికిరాదని రాస్తే యజమానే బాగుచెయ్యాలి, లేకపోతే కూలగొట్టాలి. కూలగొట్టినచోట మళ్ళీ కట్టాలన్న భాగం మాత్రం పార్లమెంటులోనే కొట్టేశారు.

సరే, చట్టముంది, డాక్టరున్నాడు. మరి ఇళ్ళెందుకు బాగుపడలేదు? 1884లో దీని మీద రాయల్ కమీషన్ వేశారు. చార్లెస్ డిల్క్ అధ్యక్షుడు. యువరాజు, లార్డ్ సాల్స్‌బరీ, కార్డినల్ మానింగ్ సభ్యులు. ఒకప్పుడు రాళ్ళు చెక్కిన కార్మిక నాయకుడు హెన్రీ బ్రాడ్‌హర్స్ట్ కూడా ఉన్నాడు. ఒంటిగదిలో కాపురముండే మనిషి మాత్రం ఒక్కరూ లేరు. అయినా వాళ్ళు 1885లో బయటపెట్టిన నిజాలు చిన్నవి కావు.

క్లర్కెన్‌వెల్ పేట వెస్ట్రీలో 13, 14 మంది సభ్యులకు చెడ్డ ఇళ్ళలోనో, అనుమానమున్న ఇళ్ళలోనో సొంత లాభం ఉందని తేలింది. వీళ్ళని ఇళ్ళ గుత్తదార్లు అనాలి. భూస్వామి దగ్గర భవనం మొత్తం కౌలుకు తీసుకుని, గది గదీ విడగొట్టి వారం వారం అద్దె పిండేవాళ్ళు. ఆ వెస్ట్రీలోనే ఉన్న బీరు దుకాణందార్లు పదిమందిలో ఒకరిద్దరు తప్ప అందరూ వీళ్ళతోనే కలిసేవాళ్ళు. అంటే, ఇనస్పెక్టరు ఏ ఇంటిని పనికిరాదని రాయాలో ఆ ఇంటివాడే అతనికి జీతమిచ్చే చోట కూచున్నాడు. ఇనస్పెక్టరు కలం ఎలా కదులుతుంది? పైగా ఎంతమంది ఇనస్పెక్టర్లు? మైల్ ఎండ్ పేటలో 1,05,000 మంది జనానికి ఒక్కడు. బెర్మండ్సీలో 86 వేల మందికి ఒక్కడు. రోజుకి పది ఇళ్ళు చూసినా మొదటి ఇంటికి మళ్ళీ తిరిగొచ్చేసరికి పుట్టిన పిల్ల బడికి పోతుంది.

కమీషన్ ఇంకోటి చెప్పింది. వాళ్ళు విచారించిన పేటల్లో దాదాపు సగం మంది సంపాదనలో నాలుగో వంతు నుంచి సగం దాకా అద్దెకే పోతోంది. మరి చవకగా దొరికే దూరం ఊరికి ఎందుకు పోరు? రేవుల్లో పని చేసేవాళ్ళు పొద్దున్నే గేటు ముందర నిలబడాలి, పిలిస్తే పని, లేకపోతే లేదు. ఎక్కడో దూరాన ఉంటే ఆ పిలుపు అందదు. మన అడ్డా మీది కూలీలకి ఇది వివరించి చెప్పక్కర్లేదు.

1875లో హోంమంత్రి క్రాస్ తెచ్చిన చట్టం ఇంకో అడుగు వేసింది. ఒక్క ఇల్లు కాదు, మొత్తం పేటనే పనికిరాదని తేల్చి కూలగొట్టొచ్చు. యజమానికి మాత్రం నష్టపరిహారం ఇవ్వాలి. ఆ పరిహారం ఎలా కట్టారంటే, వచ్చే అద్దెను బట్టి. గదిలో పదిమందిని కుక్కినవాడికి అద్దె ఎక్కువ వస్తుంది, కాబట్టి పరిహారమూ ఎక్కువే. రోగాలు పెంచినవాడికి బహుమానం! కూలగొడతారని వాసన తగిలితే ఇంకా నలుగుర్ని ఎక్కించుకోవడమే లాభం. ఇది సరిదిద్దడానికి 1879, 1882, 1890 దాకా చట్టాలు మార్చుకుంటూ పోవాల్సి వచ్చింది. బర్మింగ్‌హాంలో మేయరు జోసెఫ్ చేంబర్లేన్ ఇదే చట్టం చేతబట్టి నడిబొడ్డున కూలీల పేట తీసేసి, కార్పొరేషన్ స్ట్రీట్ అని గొప్ప బజారు వేయించాడు. దుకాణాలు వెలిశాయి. కూలీలకు ఇళ్ళు కట్టింది నామమాత్రం.

అన్నిటికన్నా పెద్ద కథ ఓల్డ్ నికల్ అనే పేటది. తూర్పు లండన్‌లో సుమారు పదిహేను ఎకరాలు. అక్కడ వెయ్యికి 40 మంది దాకా చనిపోయేవాళ్ళు, లండన్ మొత్తం మీద సగటుకి రెట్టింపు. అక్కడి ఇళ్ళ యజమానుల్లో వెస్ట్రీ సభ్యులూ ఉన్నారు. 1889లో లండన్‌కి ఎన్నికైన కౌంటీ కౌన్సిలు వచ్చింది, 1890లో ఇళ్ళు కట్టే అధికారం వచ్చింది. కౌన్సిలు ఆ పేటనంతా కూలగొట్టి, నడుమ శిథిలాలు పోసి గుట్టలా చేసి తోట వేసి, చుట్టూ ఎర్ర ఇటుకల అయిదంతస్తుల భవనాలు కట్టింది. ఇవాళ్టికీ నిలబడి ఉన్నాయి. కట్టడంలో లోపం లేదు, గాలీ వెలుతురూ బాగా వస్తాయి, కొళాయి ఉంది. 1900లో యువరాజు వచ్చి ప్రారంభించాడు. ఖాళీ చేయించింది 5,719 మందిని. వాళ్ళలో ఆ కొత్త ఇళ్ళలోకి వచ్చినవాళ్ళెందరో తెలుసా? పదకొండు మంది.

పదకొండు వందలు కాదు. పదకొండు. అద్దె అందలేదు. షరతులు కుదర్లేదు. ఇంట్లో కూచుని అగ్గిపెట్టెలు అతికేవాళ్ళకి, వీధిలో తోపుడుబండి పెట్టుకునేవాళ్ళకి ఆ ఇళ్ళలో తావు లేదు. నికరమైన జీతమొచ్చే పనివాళ్ళు చేరారు. మిగతావాళ్ళు పక్క వీధుల్లో దూరి ఆ వీధుల్ని ఓల్డ్ నికల్ చేశారు. ఎవరి పేరు చెప్పి పథకం పాసయిందో వాళ్ళు తప్ప అందరూ బాగుపడ్డారు.

మరి ఆ తనిఖీ వల్ల ఏమీ మేలు జరగలేదా అని అడుగుతారు. జరిగింది. కాలువలు, కొళాయిలు వచ్చాయి, 1866 తర్వాత అక్కడ కలరా మళ్ళీ అంత పెద్దగా రాలేదు. కానీ మేలు జరిగిన ప్రతిచోటా కిందనుంచి తోసిన చెయ్యి ఒకటి కనబడుతుంది. టారెన్స్ చట్టంలోనే ఒక చిన్న క్లాజు ఉంది. చుట్టుపక్కల ఉండే నలుగురు ఇంటివాళ్ళు సంతకాలు చేసి కాగితం ఇస్తే మెడికల్ ఆఫీసరు వచ్చి చూసి రిపోర్టు రాయాల్సిందే. క్రాస్ చట్టంలో పన్ను కట్టేవాళ్ళు పన్నెండుమంది అడగాలి. నాలుగు సంతకాలే గదా అనిపిస్తుంది. వారం వారం అద్దెకుండేవాణ్ణి వారం నోటీసుతో బయటికి గెంటొచ్చు, ఆ భయంతో సంతకం పెట్టేవాళ్ళు కరువయ్యారు. 1883లో మాన్షన్ హౌస్ కౌన్సిల్ అని ఒక సంఘం ఏర్పడి పేట పేటకీ కమిటీలు వేసి, ఇల్లిల్లూ తిరిగి ఫిర్యాదులు రాయించి వెస్ట్రీల మీద పడేసింది. 1894లో ఇంత విలువైన ఇంటివాడైతేనే వెస్ట్రీలో కూచోవాలన్న షరతు పోయింది. అద్దెకున్నవాళ్ళు లోపలికి అడుగు పెట్టే వీలు కలిగింది.

1885 చట్టంలో ఇంకో మంచి ముక్క పడింది. కూలీలకు అద్దెకిచ్చే ఇల్లు, ఇచ్చే రోజున మనుషులు ఉండటానికి తగినట్టు ఉండాలి, రాసుకున్నా రాసుకోకపోయినా అది షరతే. బాగుంది. అయితే ఇంత అద్దె లోపు ఇళ్ళకే అని హద్దు పెట్టారు. అద్దెలు పెరిగాయి, 1957 తర్వాత హద్దు పెంచలేదు, చట్టం పుస్తకంలో బతికుండి బయట చచ్చిపోయింది. 2017లో లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు. ఆ తర్వాత 2018లో గానీ ఆ హక్కుకి ప్రాణం పొయ్యలేదు. నూట ముప్ఫై మూడేళ్ళు!

గ్లాస్గోకి ఇంకోసారి పోయొద్దాం. రాణి పోయిన పద్నాలుగేళ్ళకి, 1915లో, యుద్ధం నడుస్తుండగా మగాళ్ళు సరిహద్దులో ఉంటే ఇళ్ళవాళ్ళు అద్దెలు పెంచారు. తలుపులకు టికెట్లు కొట్టిన ఆ ఊళ్ళోనే ఆడవాళ్ళు అద్దె కట్టం అన్నారు. మేరీ బార్బర్ అనే ఆమె ముందు నడిచింది. ఖాళీ చేయించడానికి అమీనా వస్తే మెట్ల మీద గంట కొట్టేది ఒకామె, వంటింట్లోంచి పిండి పొట్లాలతో దిగేవాళ్ళు మిగతావాళ్ళు. పిండి కొట్టించుకుని తెల్లగా తయారై వెళ్ళిపోయేవాడు అమీనా. నవంబరు నాటికి ఇరవై వేల ఇళ్ళవాళ్ళు చేరారు. డిసెంబరులో పార్లమెంటు అద్దెలు పెంచకుండా చట్టం చేసింది.

ఇక మన గడ్డ మీదికి ఇది ఎలా వచ్చిందో చెప్పి ఆపేస్తాం. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. మరుసటేడు పూనాలో ప్లేగు రోగిని వీపున మోసుకొచ్చి సేవ చేస్తూనే మన సావిత్రిబాయి తల్లి ప్రాణం పోయింది. 1898లో బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టారు, గ్లాస్గో ట్రస్టు నమూనా చూసి. అదీ మొదటి ఏళ్ళలో కట్టినవాటికంటే కూలగొట్టినవే ఎక్కువ. ఆ ట్రస్టు పరేల్‌లో కూలీలకు కట్టిన చాళ్ళలో బాబాసాహెబ్ అంబేద్కర్ కుటుంబం ఉండేది, 1912 నుంచి. దాదర్‌లో రాజగృహ కట్టుకుని 1934లో వెళ్ళేదాకా ఆయన చిరునామా ఆ చాళే. మూసీ వరద తర్వాత 1912లో హైదరాబాదులో పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కూడా ఈ దారిలోదే. ఒక్క తేడా మర్చిపోకూడదు. గ్లాస్గో కూలీ కొడుకు నాలుగు డబ్బులు చేసుకుంటే వీధి మారేవాడు, అడిగేవాడు లేడు. మన దగ్గర జీతమొచ్చినా, చదువొచ్చినా, అద్దెకి ఇల్లడిగితే ముందు ఇంటిపేరు అడుగుతారు, తర్వాత మాంసం తింటారా అని అడుగుతారు.

వచ్చే ఆదివారం నుంచి మన కమిటీ కాలనీ ఇళ్ళ సర్వేకి బయల్దేరుతుంది గదా. టేపు తీసుకెళ్ళండి, గదులు కొలవండి. కానీ నోటుబుక్కులో మొదటి గడి ఇంట్లో ఎంతమంది ఉన్నారని కాదు. ఆ ఇల్లు ఏ సంవత్సరం శాంక్షనయింది, కాంట్రాక్టరెవరు, బిల్లు మీద సంతకం పెట్టిందెవరు, ఆ ఇద్దరికీ చుట్టరికం ఉందా, ఇవి ముందు రాయండి. ప్రతి వాడలో నలుగురు సంతకం పెట్టేవాళ్ళని, అందులో ఇద్దరు ఆడవాళ్ళని, ముందే మాట్లాడి పెట్టుకోండి. ఇప్పుడు అడగాల్సినవి అడగండి.